మా వదిన మింగిన మందులు

మా వదినకు చెప్పుకోదగ్గ జబ్బు ఏదీ లేదు. అయినా మా శరణార్థుల కేంద్రం మందుల గదిలో ఆమె మింగని మందు దొరకడం కష్టం. నులిపురుగుల మాత్ర, రక్తం పట్టే మాత్ర, దగ్గుమందు, పిల్లల జ్వరం సిరప్పు, విరేచనాలకు పొడి కలిపి ఇచ్చే నీళ్ళు, అన్నీ ఆమె గొంతు దిగినవే. పేలమందు ఒక్కటే మింగలేదు, నలుగురి ముందూ తలకు పట్టించుకుంది. ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటే, ఆ మందుల గది నాది. నేను అక్కడ ఫార్మసిస్టుని. ఒక్కో మాత్రకూ పైవాళ్ళకు జవాబు చెప్పుకోవలసినవాణ్ణి.

ఇంట్లో ఆమె నాకు వదిన, కేంద్రంలో హెడ్ నర్సు. గేటు దాటి లోపలికి అడుగుపెట్టాక "వదినా" అని పిలిస్తే పలకదు. "సిస్టర్" అనాలి. ఈ అలవాటు ముదిరి ఒక సాయంత్రం ఇంటికి వెళ్తూ దారిలో "సిస్టర్, కూరగాయలు తీసుకోవాలా?" అని అడిగాను. "నేను నీకు సిస్టర్ని అయితే మీ అన్నయ్యకి ఏమవుతాను?" అని కూరగాయల బండి ముందు నిలదీసింది. బండివాడు తరాజు పట్టుకుని జవాబు కోసం నా వైపు చూశాడు.

పెళ్ళికి ముందునుంచే ఆమె నర్సు. పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో చాలాకాలం పనిచేసింది. చూడడానికి వచ్చినవాళ్ళు గంట కొట్టగానే వెళ్ళిపోవాలనేది అక్కడి రూలు. మా వదినకు ఆ గంట వినపడేది కాదు. చెవులు బాగానే పనిచేసేవి, ఆ గంట మాత్రం వినపడేది కాదు. ఒక ముసలాయన భార్య పక్కన చీకటి పడేదాకా కూర్చుంటే మేట్రన్ వచ్చి అరిచింది, మా వదిన అంతకంటే గట్టిగా అరిచింది. తర్వాత ఆమెను మందుల అట్టపెట్టెలు సర్దే పనిలో వేశారు. అప్పుడే ఊరి చివర శరణార్థుల కేంద్రం తెరుస్తున్నారని, నర్సు కావాలని తెలిసింది. అర్జీ పెట్టింది ఆమె ఒక్కతే కాబట్టి ఉద్యోగం ఆమెకే వచ్చింది. మా ఇంట్లో మాత్రం ఈ విషయాన్ని "ఏరి కోరి నన్నే తీసుకున్నారు" అనే చెప్పుకుంటారు. ఆ తర్వాత మందుల గదికి ఆమె నన్ను ఏరి కోరింది.

కేంద్రం అంటే మూతపడిన ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ. పిండి కలిపే షెడ్డులో మగవాళ్ళు, పొయ్యిల షెడ్డులో ఆడవాళ్ళు, పిల్లలు ఉంటారు. బిస్కెట్లు ప్యాక్ చేసిన పొడుగాటి హాలు మా క్లినిక్. బస్తాలు తూచిన కాటా మీదే మనుషుల్నీ తూస్తాం. ప్యాకెట్లు దొర్లడానికి రోలర్లు బిగించిన బల్ల ఒకటి ఉండేది. మొదటిరోజు దాని మీద పడుకోబెట్టిన రోగి డాక్టరు చెయ్యి వేయగానే తలుపుదాకా దొర్లాడు. మర్నాడు మా అన్నయ్య వచ్చి రోలర్లు తిరగకుండా బిగించి వెళ్ళాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

అక్కడికి వచ్చేవాళ్ళు రెండు మూడు దేశాలు దాటి వచ్చినవాళ్ళు. ఇక్కడ ఉండనివ్వండని అర్జీలు పెట్టుకుని, జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటారు. వాళ్ళ మాటలు మాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఒక దుబాసీ ఉన్నాడు. తన దేశంలో రేడియోలు బాగుచేసుకునేవాడు, అతని అర్జీ కూడా ఇంకా తేలలేదు. చాలా నిజాయితీపరుడు. రోగి దగ్గు ఒక్కటి తప్ప మిగతాదంతా చెబుతాడు. ఒకతను ఇంజక్షను నొప్పికి నన్ను తిడితే, నా ముఖంలోకి చూస్తూ ఆ తిట్టు పొల్లుపోకుండా చెప్పాడు. చివర్లో "అన్నాడు" అని కలిపాడు.

కేంద్రం తెరిచిన కొత్తలో నాకు ఒక విషయం అంతుబట్టలేదు. మందులు రోజూ అయిపోతున్నాయి, జబ్బులు మాత్రం తగ్గడం లేదు. చేతులు కడుక్కునే చోట నీళ్ళు నిలిచిపోయాయని ఒకరోజు గొట్టం విప్పిస్తే లోపల ఉబ్బిపోయిన మాత్రలు ఇన్నేసి వచ్చాయి. కిటికీ సందుల్లో ఉన్నాయి, పరుపుల కింద ఉన్నాయి. నేను ఒకొక్కరికీ పొట్లం కట్టి, దాని మీద పొద్దునకి ఒక చుక్క, సాయంత్రానికి రెండు చుక్కలు పెట్టి ఇచ్చినవి. ఒళ్ళు మండిపోయింది. "వీళ్ళకి మందులు దండగ" అన్నాను.

"ఎందుకు మింగడం లేదో అడిగావా?" అంది మా వదిన.

అడగలేదు. ఆమె అడిగింది. దుబాసీ చెప్పాడు. ఇక్కడికి రాకముందు వీళ్ళలో చాలామందిని వేరొక సరిహద్దు దగ్గర రేకుల షెడ్డులో ఉంచారు. ఒకరోజు అక్కడ అందరికీ బలం మాత్రలని చెప్పి ఏవో ఇచ్చారు. మింగినవాళ్ళు మింగినట్టే నిద్రపోయారు. వాళ్ళను లారీల్లో ఎక్కించి, ఏ దేశం నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చారో అక్కడే దింపారు. కళ్ళు తెరిచేసరికి మళ్ళీ మొదటికి వచ్చారు. అక్కడినుంచి రెండోసారి తప్పించుకుని వచ్చినవాళ్ళే మా దగ్గరున్నవాళ్ళు. "అందుకని మాత్ర అంటే భయం" అని దుబాసీ అన్నాడు. "నాక్కూడా" అని మెల్లగా అన్నాడు. అది అతని సొంత మాట.

ఆ వారమే విరేచనాలతో నీరసించిన ఒక మనిషిని తీసుకొచ్చారు. మా వదిన గ్లాసులో పొడి కలిపి అందించింది. అతను గ్లాసు వైపు చూసి, ఆమె వైపు చూసి, ఏదో అన్నాడు.

"ముందు నువ్వు తాగు, అన్నాడు" అని దుబాసీ చెప్పాడు.

మా వదిన గ్లాసుడూ గటగటా తాగేసి మూతి తుడుచుకుంది. "ఏమంత బాలేదు. కానీ తాగొచ్చు" అని చెప్పింది. దుబాసీ అదీ చెప్పాడు. ఆ మనిషి తృప్తి పడలేదు. తాగిన తర్వాత కంటికి కనిపిస్తూ ఉండాలట. లోపలికి వెళ్ళి కక్కేసి రావచ్చు కదా అని అతని అనుమానం. సరే అని ఆమె హాల్లో బెంచీ మీద కూర్చుని బ్యాండేజీలు చుట్టడం మొదలుపెట్టింది. హాలంతా ఆమెను కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసింది. ఆమెకేమీ కాలేదు. అతను తాగాడు.

ఇక అదే మా క్లినిక్ పద్ధతి అయిపోయింది. ఏ కొత్త మందయినా మొదట సిస్టర్ మింగాలి, బెంచీ మీద కనిపించాలి, తర్వాత మిగతావాళ్ళు. రక్తపోటు చూసే పట్టీ కూడా ముందు ఆమె చేతికే. నిజం చెప్పొద్దూ, నా మందులు మనుషుల కడుపుల్లోకి వెళ్ళడం అప్పుడే మొదలైంది. కానీ ఖర్చు ఎవరి పేరున చూపించను? "సిస్టర్" అని రాశాను. కొన్నాళ్ళకు పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "మీ దగ్గర సిస్టర్ అనే పేషెంటుకి నులిపురుగులు ఎంతకీ తగ్గడం లేదేంటండీ? పెద్దాసుపత్రికి పంపకపోయారా?" అని ఆందోళనగా అడిగారు. పంపితే అక్కడి మేట్రన్ చేర్చుకోదని నేను చెప్పలేదు.

మా డాక్టరు కుర్రవాడు, మంచివాడు. ఇది ఏ పుస్తకంలోనూ లేదని మొత్తుకున్నాడు. "సిస్టర్, అంతగా కావాలంటే నేను మింగుతాను" అని ఒకసారి ముందుకొచ్చి మాత్ర వేసుకున్నాడు కూడా. ఎవరూ లెక్కచేయలేదు. ఆయన మధ్యాహ్నానికి కారెక్కి వెళ్ళిపోతాడు, తర్వాత ఏమైందో ఎవరికి తెలుసని వాళ్ళ వాదన. చివరికి ఆయనా ఆమే ఒక ఒప్పందానికి వచ్చారు. హాని లేనివైతేనే మింగాలి, ఆయన సరే అన్నాకే మింగాలి.

ఇంట్లో అన్నయ్య రోజూ రాత్రి భోజనాల దగ్గర ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఇవాళ ఏం మింగావు?" ఆమె చెప్పేది. ఆయన కాసేపు ఆలోచించి, "నాకూ రెండ్రోజుల్నించి దగ్గు వస్తోంది. నీకు తగ్గిందిగా, నాకూ తగ్గుతుందేమో" అనేవాడు. అది హాస్యమో కాదో మాకెవరికీ ఇప్పటికీ తెలియదు.

అలాంటి రోజుల్లో ఒక అవ్వ, మనవరాలు వచ్చారు. పిల్లకు ఏడెనిమిదేళ్ళుంటాయి. అవ్వ నడుముకు ఒక గుడ్డపేలిక కట్టుకుని దాని రెండో కొస పిల్ల ముంజేతికి కట్టింది. తిన్నా, నీళ్ళకు వెళ్ళినా ఆ పేలిక అలాగే ఉండేది. వచ్చిన కొద్దిరోజులకే పిల్ల అన్నాల వరుసలో నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయి కొట్టుకుంది. కళ్ళు తేలేసింది, నోట నురగ వచ్చింది. మా వదిన పరుగెత్తి పక్కకు తిప్పి పట్టుకుంది. కాసేపటికి తగ్గింది.

డాక్టరు పరీక్షించి అడగవలసినవి అడిగాడు. ఇది కొత్త కాదు. పసితనం నుంచి అడపాదడపా ఫిట్స్ వస్తున్నాయి, ఈ మధ్య మరీ ఎక్కువయ్యాయి. పిల్ల సరిగా నిద్రపోతోందా అని అడిగితే అవ్వ తల అడ్డంగా ఊపింది. తానే నిద్రపోనివ్వడం లేదట. కళ్ళు మూతపడగానే తట్టి లేపుతుందట.

"నిద్ర లేకపోతే ఫిట్స్ ఇంకా ఎక్కువవుతాయమ్మా. రోజూ మాత్ర వేయాలి. మానకూడదు. వేయకపోతే ఏదో ఒకరోజు వచ్చిన ఫిట్ ఆగదు, పిల్ల దక్కదు" అని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు.

అవ్వ అంతా విని మా వదిన వైపు తిరిగింది. ఆమె అడిగింది ఒకటే. "ఈ మాత్ర వేస్తే నిద్ర వస్తుందా?"

దుబాసీ ఈ ప్రశ్న చెప్పి తల వంచుకున్నాడు. నేను కౌంటరు వెనకనుంచి మా వదినకు సైగ చేశాను, రాదని చెప్పమని. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు.

"వస్తుంది. కొత్తల్లో మగతగా ఉంటుంది. తర్వాత అలవాటైపోతుంది" అంది.

అవ్వ లేచి, పేలిక సరిచూసుకుని, పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళే దారిలో నేను ఊరుకోలేకపోయాను. "ఒక్క అబద్ధం చెబితే నీ సొమ్మేం పోయేది వదినా? పిల్ల బాగుపడేది కదా" అన్నాను.

"ఆ షెడ్డులో వాళ్ళు చెప్పింది కూడా అబద్ధమే కదయ్యా" అంది. "రేపు పిల్ల నిద్రపోతుంది. అప్పుడు ఆమె నన్ను చూస్తుంది. నా ముఖం ఎక్కడ పెట్టుకోమంటావు?"

మర్నాడు దుబాసీ అవ్వ సంగతి తెలుసుకుని వచ్చి చెప్పాడు. ఆ షెడ్డులో అవ్వతో పాటు ఆమె కూతురు, అంటే ఈ పిల్ల తల్లి, కూడా ఉంది. బలం మాత్రలు ఇచ్చినప్పుడు కూతురు నమ్మి మింగింది. పిల్ల కక్కేసింది. అవ్వ నాలుక కింద దాచి ఉమ్మేసింది. లారీలో కూతురు అవ్వ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. ఎక్కడో మలుపులో లారీ నెమ్మదించింది. దూకితే అప్పుడే దూకాలి. అవ్వ కూతుర్ని పిలిచింది, చెంపల మీద కొట్టింది, జుట్టు పట్టి లాగింది. లేవలేదు. ఒంటి నిండా నిద్ర ఉన్న మనిషిని ఆ ముసలి చేతులు ఎత్తలేకపోయాయి. కూతురి తలను ఒళ్ళోంచి దించి లారీ నేల మీద పెట్టి, పిల్లను పట్టుకుని దూకేసింది. ఆ తర్వాత కూతురు ఏమైందో తెలియదు.

మా వదిన హాలు మధ్యలో నిలబడి ఏడ్చింది. చాటుకు వెళ్ళలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. నేను మందుల గదిలోకి వెళ్ళి సీసాలు అటూ ఇటూ సర్దాను.

ఆ రోజే, డాక్టరు కారెక్కబోయే వేళకు, పిల్లకు మళ్ళీ ఫిట్ వచ్చింది. ఈసారి చాలాసేపు ఆగలేదు. పెదవులు నీలంగా తిరిగాయి. డాక్టరు ఇంజక్షను సిద్ధం చేసుకుని వంగేలోపు దానంతటదే ఆగింది. ఆయన నుదురు తుడుచుకుని, "ఇలా ప్రతిసారీ ఆగదు" అని ఎవరికో చెప్పినట్టు గాలిలోకి అన్నాడు. అవ్వ నేల మీద కూర్చుని పిల్ల తల ఒళ్ళో పెట్టుకుంది. దాన్ని నిద్రపోనిస్తే ఒక భయం, నిద్రపోనివ్వకపోతే ఒక భయం. ఆ రెంటి మధ్యా ఆమె ముఖం చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున అవ్వ పిల్లతో క్లినిక్‌కు వచ్చింది. మా వదిన ముందు నిలబడి రెండు మాటలు అంది.

"ముందు నువ్వు, అంది" అని దుబాసీ చెప్పాడు.

డాక్టరు ఒంటికాలి మీద లేచాడు. ఇది జబ్బు లేనివాళ్ళు మింగే మందు కాదన్నాడు. మా వదిన ఆయనతో ఏమీ వాదించకుండా నా కౌంటరు దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"ఇది నులిపురుగుల మాత్ర కాదు వదినా" అన్నాను.

కేంద్రం లోపల, అందరి ముందూ వదినా అని పిలిచాను. ఆమె తప్పు పట్టలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

చివరికి దారి చూపింది డాక్టరే. ఆమెను కూర్చోబెట్టి రక్తపోటు చూశాడు, గుండె విన్నాడు, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఆమె, నేను, దుబాసీ ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఈ వారం ఏమీ లేదని చెప్పాం. "ఒక్క మాత్ర. మళ్ళీ అడగకూడదు. ఇవాళ నేను ఎక్కడికీ వెళ్ళను" అని ఆయన కారు తాళాలు సొరుగులో పడేశాడు.

ఆమె మాత్ర వేసుకుని, నోరు తెరిచి నాలుక ఎత్తి అవ్వకు చూపించింది. తర్వాత బెంచీ మీద కూర్చుంది. "కాస్త మగత వస్తుంది, అంతే. నాకు పగటి నిద్ర అలవాటు లేదు" అని అందరికీ ధైర్యం చెప్పింది. కానీ అంతకు ముందు రాత్రి పొయ్యిల షెడ్డులో ఒకామెకు కాన్పు అయ్యింది. మా వదిన తెల్లవార్లూ నిలబడే ఉంది. ఈ సంగతి ఆమెకు గుర్తు లేదు, మాకూ తట్టలేదు.

బ్యాండేజీలు చుడుతూ చుడుతూ ఆమె చేతులు నెమ్మదించాయి. తల ఒకసారి ముందుకు వాలింది. మళ్ళీ లేపింది. నవ్వింది. మళ్ళీ వాలింది. కాసేపటికి బెంచీ మీదే పక్కకు ఒరిగి గురక మొదలుపెట్టింది. వదిన గురక పెడుతుందని అన్నయ్య ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాడు, మేమెవరం నమ్మలేదు. పాపం అన్నయ్య.

హాల్లో గుసగుసలు బయల్దేరాయి. ఒక తండ్రి మందు కోసం నిలబెట్టిన పిల్లల్ని వెనక్కి లాక్కున్నాడు. వరుస చెదిరిపోయింది. "చూశారా, నిద్రపోయింది, అంటున్నారు" అని దుబాసీ అడక్కుండానే నాకు చెప్పాడు. ఇన్నాళ్ళు ఆమె మింగినదంతా బూడిదలో పోసినట్టయింది. ఇక ఈ హాల్లో ఎవరూ జలుబుకు కూడా మాత్ర వేసుకోరు. ఆ పిల్ల సంగతి సరేసరి.

ఏదో ఒకటి చెయ్యాలని తోచింది. బెంచీ ఇరుకుగా ఉంది, మెడ వంకర పోతోంది, కింద పడినా పడుతుంది. లోపలి గదిలో మంచం ఉంది. వాచ్‌మన్‌ని పిలిచి, "నువ్వు కాళ్ళు పట్టుకో, నేను తల పట్టుకుంటా. లోపల పడుకోబెడదాం" అన్నాను. ఇద్దరం వంగాం.

అవ్వ అరిచింది. మాట అర్థం కాకపోయినా వాచ్‌మన్ చేతులు వదిలేశాడు. ఆమె లేచి వచ్చి బెంచీకీ మాకూ మధ్య నిలబడింది. పేలిక చివర పిల్ల కూడా వచ్చి నిలబడింది. ఆ వెనక ఇంకొక ఆడమనిషి, ఆమె పక్కన ఇంకొకామె. రాత్రి కాన్పు అయినామె చెల్లెలు. చూస్తూ ఉండగానే బెంచీ చుట్టూ మనుషుల గోడ లేచింది. నన్ను వాళ్ళు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. దొంగను చూసినట్టు చూశారు.

"కదిలించొద్దు, అంటున్నారు" అన్నాడు దుబాసీ. అతను కూడా నా పక్కన లేడు. వాళ్ళ వైపు నిలబడి చెబుతున్నాడు.

అప్పటికి నాకు బుర్ర వెలిగింది. నిద్ర వాళ్ళకు భయం కాదు. నిద్రపోయిన మనిషిని ఇద్దరు మగవాళ్ళు తలా కాళ్ళూ పట్టుకుని ఎత్తడం భయం. నేను సరిగ్గా ఆ పనే చేయబోయాను, అదీ మంచి చేస్తున్నాననుకుని. డాక్టరు కూడా అర్థం చేసుకున్నాడు. వాళ్ళను దారి ఇమ్మని అడిగి వెళ్ళి, వంగి ఆమె నాడి చూసి, ఊపిరి చూసి, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరో ఒక దుప్పటి మడిచి ఆమె తల కింద పెట్టారు. ఇంకెవరో జారిపోయిన బ్యాండేజీ తీసి చుట్టడం పూర్తిచేశారు. పొద్దంతా వాళ్ళు వంతులు వేసుకుని కాపలా కాశారు. అన్నాల గంట కొట్టినా సగంమంది కదల్లేదు. నేను కౌంటరు వెనక కూర్చుని మా వదిన గురక వింటూ, ఆమె క్షేమంగా లేస్తే చాలు, అన్నయ్యకు ఏ ముఖంతో చెప్పాలో ఆలోచించుకునే పని తప్పితే చాలు అనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక ఆమె కదిలింది. కళ్ళు తెరిచి చుట్టూ ఉన్న ముఖాల్ని ఒకటొకటే చూసింది. లేచి కూర్చుని మూతి తుడుచుకుంది. అవ్వ ముందుకు వంగి అడిగింది.

"నువ్వు ఎక్కడున్నావు, అంటోంది."

మా వదినకు ఒక్క క్షణం ప్రశ్న అర్థం కాలేదు. "ఎక్కడుంటాను? బెంచీ మీద. మెడ పట్టేసింది" అంది. దుబాసీ మెడ సంగతి కూడా వదలకుండా చెప్పాడు. హాల్లో ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. అవ్వ నవ్వలేదు. మా వదిన చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్ళు, మణికట్టు, భుజం తడిమి చూసింది.

"నిన్ను తీసుకెళ్ళలేదు, అంది."

"లేదవ్వా. మీరున్నారుగా" అంది మా వదిన. దుబాసీ ఆ మాట చెప్పాడు.

మర్నాడు పొద్దున పిల్ల మాత్ర వేసుకుంది. అవ్వ షరతులు రెండే. పిల్ల ఆ బెంచీ మీదే, అందరికీ కనిపించేలా పడుకోవాలి. లేచేదాకా ఎవరూ కదిలించకూడదు. లోపల మంచం మీదైతే మంచిదని డాక్టరు నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. కింద పడకుండా బెంచీని గోడకు జరిపి, ఈ పక్కన పరుపు వేశాం. ఈ మందు పూర్తిగా పట్టడానికి వారాలు పడుతుందని, ఈలోగా ఫిట్ వచ్చినా కంగారు పడవద్దని, మాత్ర మాత్రం మానవద్దని ఆయన రెండుసార్లు చెప్పించాడు.

పిల్ల మామూలు పిల్లల్లా నిద్రపోయింది. నోరు కాస్త తెరుచుకుని, ఒక కాలు బెంచీ బయటికి వేలాడేసి. ఎన్నాళ్ళ నిద్ర బాకీ ఉందో ఏమో, ఎండ కిటికీ దాటి పోయినా లేవలేదు. అవ్వ పరుపు మీద కూర్చుని దాని పొట్ట లేచి పడడం చూస్తూనే ఉంది. మా వదిన పక్కనే కుర్చీ వేసుకుంది. మధ్యలో రెండుసార్లు అవ్వ చెయ్యి పిల్లను లేపడానికని ముందుకు వచ్చింది. రెండుసార్లూ తనే వెనక్కి తీసుకుంది.

పిల్ల లేచింది. కళ్ళు నులుముకుని ఏదో అడిగింది. అవ్వ జవాబు చెప్పింది. అంత మెల్లగా ఆమె మాట్లాడడం నేను వినలేదు.

"ఏమన్నారు?" అని దుబాసీని అడిగాను.

"ఆకలేస్తోంది అంది పాప. పడుకున్న చోటే ఉన్నావు అంది అవ్వ" అన్నాడు. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదు, కానీ అతను కల్పించే మనిషి కాదు.

పిల్ల రొట్టె తింటూ ఉంటే అవ్వ నడుము దగ్గర ముడి విప్పుకుంది. పేలిక కొస తీసి మా వదిన చేతిలో పెట్టింది. "ఇప్పుడు నేను పడుకుంటాను. నువ్వు కూర్చో, అంది" అని దుబాసీ చెప్పాడు. ఆమెకు ఏ మాత్రా ఇవ్వలేదు. అడగనూ లేదు. పరుపు మీద వాలి, మోకాళ్ళు ముడుచుకుని, అలాగే నిద్రలోకి జారిపోయింది.

హాల్లో పని ఆగలేదు. కాటా మీద పిల్లల్ని తూచారు, కట్లు కట్టారు, నేను మందులిచ్చాను. అందరూ ఆ మూల దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించారు. మా వదిన డ్యూటీ అయిపోయినా కుర్చీలోంచి లేవలేదు. అన్నయ్యకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని నేనే చెప్పాను. "ఏం మింగింది?" అన్నాడు. ఇవాళ ఏమీ లేదన్నాను. "సరే, నేనూ వస్తా" అన్నాడు. వచ్చి గోడ పక్కన కూర్చున్నాడు.

దీపాలు వేసే వేళకు అవ్వ కళ్ళు తెరిచింది. ఎక్కడున్నానని అడగలేదు. ఉలిక్కిపడి లేచి, రెండు చేతులతో తన ఒడి వెతుక్కుంది, తర్వాత పక్కన వెతికింది. పిల్ల అక్కడే ఉంది.